మా వీధి గవదబిళ్ళలు

3 ఫిబ్రవరి 2016, బుధవారం

పురుగుమందుల కొట్టువాళ్ళు మా ఆయన ధనరాజ్‌కి ఇచ్చిన డైరీ ఇది. జనవరి ఒకటిన 'శ్రీరామ' అని రాసి ఆపేశాడు. పైకి 'ఆపేశారు' అంటాను. ఇది నేనొక్కదాన్నే చదువుకుంటాను కాబట్టి 'ఆపేశాడు'. ప్రతి పేజీ అడుగునా వరి చీడపీడల గురించి ఒక సలహా ఉంది. ఈరోజుది సుడిదోమ.

నేను రాయడం మొదలెట్టింది మా అత్త దేముడమ్మ వల్ల. ఆవిడతో ఒక మాటంటే వీధంతా తెలుస్తుంది. మా ఆయనతో అంటే గోడకి తెలుస్తుంది. మధ్యలో ఒకళ్ళు కావాలి కదా.

సాయంత్రం ట్యూషన్‌కి చిన్నతల్లి రాలేదు. దాని బదులు వాళ్ళమ్మ జగ్గమ్మ వచ్చింది. నరసన్నపేట కూరల బజార్లో వంకాయలు అమ్మే గొంతుతోనే వాకిట్లోంచి, "యమునా, పిల్లకి గవదబిళ్ళలు దిగాయే. బుగ్గ బూరెలా ఉన్నాది. మీ అత్త గొలుసియ్యి" అంది.

మా అత్తకి వాళ్ళమ్మ ఇచ్చిన బంగారు గొలుసు. గవదబిళ్ళలొచ్చిన పిల్ల మెడలో మూడు రోజులుంచితే వాపు తీసేస్తుందని వీధంతటి నమ్మకం. అత్తకి మోకాళ్ళు లేవవు కాబట్టి గొలుసు పట్టుకెళ్ళి వెయ్యడం నా ఉద్యోగం. వెళ్ళాను. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేశాను. దాని నోట్లో సగం నలిగిన బిస్కెట్ నాకు పెట్టింది. ముద్దొచ్చి తినేశాను. నాకు ఆరేళ్ళప్పుడే ఇవి వచ్చి పోయాయి.

4 ఫిబ్రవరి, గురువారం

పక్కింటి విక్టర్ వచ్చాడు. పీహెచ్‌సీలో హెల్త్ అసిస్టెంటు. ఊరూరా తిరిగి దోమల గురించీ నీళ్ళ గురించీ చెప్పి చెప్పి, ఇంట్లో ఉప్పందుకోమన్నా మైకులో అన్నట్టే అంటాడు. ఆదివారం బాప్టిస్టు చర్చిలో ప్రకటనలు చదివేదీ అతనే.

"అక్కా, నాలుగు మాటలు సెప్తాను, కోపం తెచ్చుకోకు" అన్నాడు.

నాలుగన్నవాడు పధ్నాలుగు చెప్పాడు. గవదబిళ్ళలంటే వైరస్సట. ఉమ్మిలో ఉంటుందట. దగ్గినా తుమ్మినా దగ్గరగా మాట్లాడినా తుంపర్లలో పోతుందట. ఒకరు తాగిన గ్లాసుతో ఇంకొకరు తాగినా అంతేనట. వాపొచ్చాక ఐదు రోజులు పిల్ల గడప దాటకూడదట. అంటుకున్నవాళ్ళకి బయటపడేసరికి రెండు మూడు వారాలు పడుతుందట. వీటన్నిటికన్నా వింత, వాపు కనబడ్డానికి రెండు రోజుల ముందు నుంచే అంటించేస్తారట.

"వాపే లేకపోతే ఎవులికి తెలుస్తాది?" అన్నాను.

"తెలీదు. అందుకే కొన్నాళ్ళు ట్యూషన్ మూసీ."

పధ్నాలుగు మంది పిల్లలు. ముందు పరీక్షలు. మూసీమంటే మూసేస్తారా?

మంచం మీంచి మా అత్త, "గొలుసున్నాది కదా" అంది.

"పెద్దమ్మా, అది వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతాది. గొలుసేసినా తగ్గుతాది, గేదె పలుపేసినా తగ్గుతాది."

"నా గొలుసుని పలుపంటావేటిరా ఇక్టరూ? నీ సిన్నప్పుడు నీ మెళ్ళో ఎవులేసారు? నేను కాదేటి?"

విక్టర్ చెప్పులు వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "బేబీని రేపట్నుంచి పంపనక్కా. ఏటనుకోకు" అన్నాడు. బేబీ వాళ్ళమ్మాయి, ఒక్కర్తే. మూడో తరగతి. ఎక్కాలు రావు, నోరొస్తుంది.

5 ఫిబ్రవరి

ట్యూషన్లో కుండ దగ్గరుండే స్టీలు గ్లాసు రెండుసార్లు తోమాను.

6 ఫిబ్రవరి

ఒకసారి తోమాను. రెండోసారికి పొయ్యి మీద కూర మాడుతోంది.

8 ఫిబ్రవరి, సోమవారం

విక్టర్ పెళ్ళాం జ్ఞానసుందరి పెరటి గుమ్మంలోంచి బేబీని తోసుకుంటూ వచ్చింది.

"వదినా, ఆయన కేంపులకెళ్తే ఏడైతే గాని రారు. అప్పటికి నీ ట్యూషనైపోతాది. ఇంట్లో ఉంచితే ఇది టీవీ తప్ప ఏటీ సదవట్లేదు. ఆయనకి సెప్పకు."

చెప్పకూడదు కానీ నాకు సంతోషమైంది. హెల్త్ డిపార్టుమెంటు కూతురే నా ట్యూషన్‌కి వస్తుంటే ఇంక భయమేమిటి? బేబీకి వేరే నీళ్ళ సీసా, మూలన చోటు. "టీచర్, నేను దొంగసాటుగా వస్తన్నానా?" అని అడిగింది. పిల్లలంతా విన్నారు. ఈ పిల్లని ఏ మూలన కూర్చోబెట్టినా నడి మధ్యనున్నట్టే ఉంటుంది.

14 ఫిబ్రవరి, ఆదివారం

రథసప్తమి. అరసవిల్లి వెళ్ళాం. క్యూలో ముక్కూమొహం తెలియని ఒకావిడ పండగని నేను వేసుకెళ్ళిన అత్త గొలుసు చూసి, "గవదబిళ్ళల గొలుసు ఇదేనేటమ్మా?" అంది. సూర్యుడికి దణ్ణం పెట్టానో లేదో గుర్తు లేదు, ఆ మాట మాత్రం ఇంటికొచ్చేవరకూ నెమరేసుకున్నాను.

చిన్నతల్లి శుభ్రంగా ఉంది. వారంలో తగ్గింది. దానంతటదే తగ్గిందని విక్టర్, గొలుసు తీసిందని మా అత్త. ఇద్దరికీ తలూపాను.

18 ఫిబ్రవరి, గురువారం

ఈరోజు ఏమీ జరగలేదు. టెస్టు పెట్టాను. అంతే.

20 ఫిబ్రవరి, శనివారం

ఒక్కసారే నలుగురు. గురమ్మ కొడుకు చినబాబుకి రెండు పక్కలా దిగాయి, మెడ అన్నది లేకుండా పోయింది. మిగతా ముగ్గురికీ ఒక్కో పక్క.

నాలుగు మెడలు, ఒక గొలుసు. ఎవరికి ముందో మా అత్త మంచం మీద కూర్చుని తేలుస్తోంది. ఒకావిడ గొలుసు మధ్యకి తెంపి ఇవ్వచ్చు కదా అంది. మా అత్త ఆవిడ వైపు చూసిన చూపుకి వాపులు అక్కడికక్కడే తగ్గాలి.

ఎవరి వంతెప్పుడో చెప్పడానికి నాలుగిళ్ళూ తిరిగాను. నాలుగిళ్ళలోనూ పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్నాను, టీ తాగాను.

మూడో తారీకు నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదిహేడు రోజులు. విక్టర్ చెప్పిన రెండు మూడు వారాల్లోకే వస్తుంది. ఎలాగో అలా కుదిరి ఉంటుంది.

23 ఫిబ్రవరి

విక్టర్ మళ్ళీ వచ్చాడు. "అక్కా, ఇప్పటికైనా మూసీ" అన్నాడు. మిగిలింది తొమ్మిది మందే, దూరం దూరంగా కూర్చోబెడతానన్నాను. ఆ తొమ్మిదిలో అతని కూతురొకర్తని అతనికి తెలియదు. నా ముందే నిలబడి, "మా బేబీ అదృష్టం, ఇంట్లో ఉన్నాది" అన్నాడు.

చెయ్యి కడుక్కోవాలని లోపలికి వెళ్ళిపోయాను.

8 మార్చి, మంగళవారం

బేబీకి దిగాయి. జొరం, కుడి బుగ్గ, సాయంత్రానికి ఎడమది కూడా.

జ్ఞానసుందరి పెరట్లోంచే వచ్చింది, ఈసారి గొలుసుకి. వెళ్ళి వేస్తుంటే విక్టర్ డ్యూటీ నుంచి వచ్చేశాడు. కూతురి మెడలో గొలుసు చూశాడు. పలుపు మాట ఎత్తుతాడనుకున్నాను. "ఉంచండి. దాని వల్ల నట్టమేటీ లేదు" అని మంచం పక్కన కూర్చున్నాడు.

"ఇంట్లోనే ఉన్నాది కదా, ఎలగంటుకుంది?" అన్నాడు.

"సండే స్కూల్లో అయ్యుంటాది" అంది జ్ఞానసుందరి. అంటూ నా వైపు చూసింది.

నేను గొలుసు కొక్కెం సరిచేశాను. అది బాగానే ఉంది.

9 మార్చి

మా ఆయనకి కూడా. నలభై నాలుగేళ్ళ మనిషి, రెండు బుగ్గలతో, పెళ్ళిలో లడ్డూలు దాచుకున్నవాడిలా ఉన్నాడు. చిన్నప్పుడు ఇతనికి రాలేదట, అప్పుడు గొలుసు ఇంట్లోనే ఉండబట్టి దిష్టి తగల్లేదంటుంది మా అత్త. ఆవిడ వైద్యశాస్త్రం నాకెప్పుడూ అంతుబట్టదు.

ట్యూషన్ మూశాను. ఈసారి మూయమన్నవాళ్ళెవరూ లేకుండా, నా అంతట నేనే.

15 మార్చి, మంగళవారం

మా ఆయన నిన్న తగ్గిందని రైస్ మిల్లుకి వెళ్ళాడు. ఈరోజు మధ్యాహ్నమే వచ్చేశాడు. నడక చూసి స్కూటర్ మీంచి పడ్డాడనుకున్నాను. ఏమైందంటే చెప్పడు. లుంగీ కట్టుకుని, కాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకుని, విక్టర్‌ని పిలవమన్నాడు. నన్ను బయటకి పొమ్మన్నాడు. ఇరవై ఏళ్ళు కాపరం చేసిన దాన్ని, నేను చూడకూడనిది విక్టర్ చూడాలట.

విక్టర్ బయటకొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. అతని గొంతు తగ్గితే పక్క వీధికి వినబడదు, అంతే తేడా. "ఈడొచ్చిన మగోళ్ళకొస్తే కొంతమందికి ఇలగ కిందకి దిగుతాదక్కా. బావని రేపు డాక్టరుకి సూపించు. మంచం దిగనియ్యకు."

మా అత్తకి సగమే అర్థమైంది. "వాపేనా? అయితే గొలుసు తెమ్మను" అంది.

లోపలి నుంచి మా ఆయన, "ఎక్కడేస్తావమ్మా?" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన వేసిన మొదటి జోకు. నవ్వుతూ గుమ్మం పట్టుకున్నాను. విక్టర్ కూడా నవ్వాడు.

విజయనగరం హాస్టల్లో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేసి, పరీక్షలయ్యేవరకూ ఇంటి వైపు రావద్దన్నాను. ఎందుకంటే చెప్పలేకపోయాను. మీ నాన్న బాగున్నారు, కూర్చోలేరు, అన్నాను.

17 మార్చి

బేబీ మంచం దిగింది. వాపు పోయింది, జొరం లేదు. కానీ గోడ పట్టుకుని నడుస్తోంది, తల తిరుగుతోందంటోంది. నీరసమని జ్ఞానసుందరి గుడ్లు పెడుతోంది. నీరసమే.

20 మార్చి, ఆదివారం

మట్టలాదివారం. చర్చి నుంచి వచ్చి విక్టర్ వాళ్ళు మా అరుగు మీద కూర్చున్నారు. ఎచ్చెర్లలో ఉన్న బేబీ అమ్మమ్మ ఫోన్ చేసింది. బేబీ కుడి చెవికి పెట్టుకుంది. "అమ్మమ్మా, అమ్మమ్మా" అని, "అమ్మా, అమ్మమ్మ మాటాడట్లేదు" అంది.

"మాటాడుతోంది కదే, నాకే వినబడతన్నాది" అంది జ్ఞానసుందరి.

బేబీ ఫోన్ ఎడమ చెవికి మార్చింది. నవ్వింది. కబుర్లు మొదలెట్టింది.

అందరూ చర్చిలో ఇచ్చిన మట్టలు గుమ్మానికి ఎలా కట్టాలా అని చూస్తున్నారు. నేనొక్కదాన్నే చూశాను.

21 మార్చి

ఆ ఫోన్ పాతది. స్పీకర్ సరిగ్గా ఉండదు.

22 మార్చి, మంగళవారం

పాతదైతే ఎడమ చెవికెలా వినబడింది?

మధ్యాహ్నం బేబీని పిలిచాను. జామకాయ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆట అన్నాను. కుడి చెవి నా అరచేత్తో మూసి, ఎడమ చెవిలో మెల్లగా, "మీ నాన్న చర్చిలో పిత్తాడట" అన్నాను. పడీ పడీ నవ్వింది.

ఎడమ చెవి మూశాను. కుడి చెవి దగ్గరికి వెళ్ళి అదే మాట అన్నాను. ఇంకోసారన్నాను. ఇంకొంచెం గట్టిగా అన్నాను.

జామకాయ నములుతూ ముందుకే చూస్తోంది. కాసేపయ్యాక, "సెప్పు టీచర్, ఎందుకాపేసావు?" అంది.

23 మార్చి, బుధవారం

చెప్పాను.

పొద్దున్నే విక్టర్ బండి తీస్తుంటే వెళ్ళాను. ముందు చెవి సంగతి చెప్పాను. అతను బండి స్టాండు వేసి, లోపలికెళ్ళి, బేబీ వెనక నిలబడి కుడి పక్క చిటికె వేశాడు. మళ్ళీ వేశాడు. బయటకొచ్చాడు. "ఎప్పట్నుంచి?" అన్నాడు. ఆదివారం చూశానన్నాను. ఇవేళ బుధవారమని ఇద్దరికీ తెలుసు.

ఇంక ఆపలేదు. ఫిబ్రవరి ఎనిమిది నుంచి బేబీ నా ట్యూషన్‌కి వస్తోందని చెప్పాను. పద్దెనిమిదో తారీకు గురించి కూడా చెప్పాను. ఇక్కడ ఆ రోజు ఏమీ జరగలేదని రాశాను కదా. ఏం జరిగిందంటే, పొద్దున గురమ్మ వచ్చి, చినబాబుకి చెవి కింద నొప్పి, ఇడ్లీ నమల్లేకపోతున్నాడు, ఇంట్లో ఉంచనా అంది. ఈరోజు టెస్టు, పంపు అన్నాను. బేబీ ఆ రోజు సీసా మర్చిపోయి వచ్చింది. చినబాబు నీళ్ళు తాగి గ్లాసు దాని చేతికిచ్చాడు. నేను చూస్తూనే ఉన్నాను. చేతిలో పదకొండు పేపర్లున్నాయి, లేవడానికి బద్ధకమేసింది.

విక్టర్ తిడతాడనే సిద్ధపడి వెళ్ళాను, కాళ్ళు కూడా గట్టిగా ఆన్చి నిలబడ్డాను. అతను లోపలికెళ్ళి జ్ఞానసుందరితో, "సీర మార్సుకో. శ్రీకాకుళం వెళ్ళాలి" అన్నాడు.

24 మార్చి

చెవి డాక్టరు మాత్రలిచ్చాడట. మొదటి రోజుల్లో వచ్చుంటే ఫలితం ఉండేదా అని విక్టర్ అడిగితే, ఉండొచ్చు, ఉండకపోవచ్చు, చెప్పలేం అన్నాడట. ఇది నాకు జ్ఞానసుందరి చెప్పింది, పెరట్లోంచి కాదు, గోడ అవతల నుంచే.

29 మార్చి, మంగళవారం

ట్యూషన్‌ పిల్లలందర్నీ ఇద్దరిద్దర్ని పిలిచాను. తల్లుల ముందే ఒక చెవి మూసి, రెండో చెవిలో ఆ పిత్తు మాటే చెప్పాను. చెవి బాగున్న పిల్ల ఆ మాటకి నవ్వకుండా ఉండలేదు, ఇంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు. పదమూడు మంది, ఇరవై ఆరు చెవులు. ఇరవై ఆరుసార్లూ నవ్వారు. చినబాబు రెండో చెవికి చెప్పకముందే నవ్వాడు, మళ్ళీ చెయ్యాల్సొచ్చింది.

ఎందుకని తల్లులు అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. గురమ్మ లేచి వెళ్ళిపోయింది. జగ్గమ్మ మాత్రం, "గొలుసేసాం కదే, అయినా ఇలగ జరిగిందేటి?" అంది. వంకాయల గొంతు కాదు, నేనెప్పుడూ వినని గొంతు.

9 ఏప్రిల్, శనివారం

నిన్న ఉగాది. పచ్చడి నేను చెయ్యలేదు, మా అత్తే మంచం మీద కూర్చుని చేసింది.

విశాఖలో మిషను పెట్టి చూశారట. కుడి చెవి నరం పోయింది, రాదు. ఎడమది నిక్షేపంగా ఉంది. చదువుకి అడ్డం కాదు, రోడ్డు దాటేటప్పుడే జాగ్రత్త అన్నారట. చాలా అరుదుగా జరుగుతుందట ఇలా. అరుదంటే మన వీధిలో జరగదనే నేననుకున్నాను.

సాయంత్రం విక్టర్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పదిహేడు రోజుల తర్వాత.

"అక్కా, పిల్లకి గవర్నమెంటు సూదులన్నీ నేనే దగ్గరుండి ఏయించాను. తట్టుకి కూడా. గవదబిళ్ళలకి అందులో లేదు. ప్రైవేటులో ఉన్నాది, మూడు జబ్బులకి కలిపి ఒకటే సూది. తెలుసు నాకు. మనం గవర్నమెంటోళ్ళం కదా, ఇది సాలనుకున్నాను. గవదబిళ్ళలకి ఎవులికేటవుతాదని."

నేను చెప్పాల్సిన మాట అతను చెబుతుంటే ఏం చెయ్యాలో తెలీలేదు. నీ తప్పు కాదంటే నాది తేలికైపోతుంది. తప్పే అంటే ఎలా అంటాను? టీ తెచ్చాను. తాగాడు.

"అసలు బేబీకి ఏ పిల్ల నుంచి ఒచ్చిందో కూడా తెలీదు" అన్నాడు.

"నాకు తెలుసు" అన్నాను.

"నీకు తెలీదు, నువ్వు అనుకుంటన్నావు" అన్నాడు. దయతో అన్నాడో, డిపార్టుమెంటు మనిషిగా అన్నాడో.

27 ఏప్రిల్

వెనక వీధిలో ఇద్దరికి దిగాయి. గొలుసుకొచ్చారు. ఇవ్వనని చెబుదామనుకున్నాను. ఇవ్వకపోతే ఇంకో ఇంటి గొలుసుకి పోతారు, పిల్లని చంకనేసుకుని ఊరంతా తిరుగుతారు.

అందుకని మా అత్తని కూర్చోబెట్టి నేర్పించాను. ఆవిడ మంచం మీంచి ప్రకటించింది. "మూడు రోజులు కాదు, ఐదు రోజులుంచాలి. ఆ ఐదు రోజులూ పిల్ల గడప దాటకూడదు, పక్కింటి పిల్లలు మంచం దగ్గరికి రాకూడదు. గ్లాసు, కంచం వేరేగుండాల. తిరిగిచ్చేటప్పుడు సబ్బునీళ్ళతో కడిగియ్యాల. ఏది తప్పినా బంగారం పని సెయ్యదు."

విక్టర్ గేటు దగ్గరుండి విన్నాడు. "ఇది మోసమక్కా" అన్నాడు.

"అవును" అన్నాను.

గేటు గడియ వేస్తూ, "కిందకి దిగితే డాక్టరుకి సూపించమని కూడా సెప్పించు" అన్నాడు. లోపల మా ఆయన దగ్గాడు.

20 జూన్, సోమవారం

ట్యూషన్ మళ్ళీ తెరిచాను. తొమ్మిది మందొచ్చారు. గురమ్మ చినబాబుని పంపలేదు, పంపమని అడగడానికి నాకు మొహం లేదు. ఎవరి సీసా వాళ్ళది. ఒంట్లో ఏ కాస్త తేడా ఉన్నా ఇంట్లోనే, టెస్టున్నా సరే.

బేబీని విక్టరే చెయ్యి పట్టుకుని తెచ్చాడు, వీధి గుమ్మంలోంచి. గది అంతా చూసి, కుడి పక్క గోడ వచ్చేటట్టు దాని చాప తనే వేశాడు. "ఎడమ సెవి గదిలోకి ఉండాలక్కా" అన్నాడు.

అతను గేటు దాటాడో లేదో, పిల్ల పక్కదానితో కబుర్లు. నేను దాని వెనక గోడవార పుస్తకాలు సర్దుతూ, "బేబీ, నోర్ముయ్" అన్నాను. ఆపలేదు. "బేబీ" అన్నాను. ఆపలేదు. చిన్నతల్లి దాని మోచేయి గోకి నన్ను చూపించింది.

బేబీ తిరిగి చూసింది. "టీచర్, ఆ గోడ పక్క నుంచి తిడితే నాకు సగమే వస్తాది. ఇటొచ్చి తిట్టు" అంది.

పిల్లలు నవ్వారు. అది కూడా నవ్వింది. నేను పుస్తకాలు కింద పెట్టి, చాపలన్నీ దాటుకుని ఎడమ పక్కకి వచ్చి కూర్చున్నాను. ఎందుకు తిట్టాలనుకున్నానో గుర్తు రాలేదు. ఏదో ఒకటి అడగాలని ఏడో ఎక్కం అడిగాను. ఏడు మూళ్ళు దగ్గర ఆగిపోయింది. ఎండాకాలం సెలవులన్నీ ఏం చేశావే, ఇంకా ఏడో ఎక్కమే రాదా అని గట్టిగా, మామూలుగా తిట్టాను.

మొత్తం విన్నాది.